మహమ్మారి కాలమున నగరవాసుల కర్తవ్యము
(సూరతు నగరము నేర్పిన పాఠములు)

గుజరాతు రాష్ట్రమున తపతీ నదీతీరమున సూరతు నగరము వెలసియున్నది. మొగలాయి పాలనాకాలమున గొప్ప ఓడరేవుగా ప్రసిద్ధికెక్కిన ఈ పట్టణము నేడు కృత్రిమ నూలు వస్త్రములకును, వజ్రములను సానబట్టు పరిశ్రమకును పేరుగాంచినది. పని వెదకుకొనుచు దేశమునందలి అన్ని ప్రాంతములనుండియు జనులు ఇచటికి వచ్చుచుందురు. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి వచ్చిన తెలుగు నేతకుటుంబములు పెక్కు ఇచట తరతరములుగా స్థిరపడియున్నవి. వారి పిల్లలకై నగరపాలక సంస్థవారు తెలుగు పాఠశాలలను సైతము నెలకొల్పిరి.

అట్టి ఒక కుటుంబమును ఊహింతము. భర్త రాత్రిపాళీలో సాంచాలు నడుపును. భార్య ఇంటివద్ద చీరెలకు పూసలు కుట్టును. ఇద్దరు పిల్లలు, ఒకే గది. ఒకనాడు నగరమున మహమ్మారి పుట్టినదను వార్త పొక్కినది. ఊరినుండి తల్లి ఫోనుచేసి, “బిడ్డా, పైసలు పోతే పోనీ, పిల్లలను పట్టుకొని ఇంటికి రాండ్రి” అని ఏడ్చుచున్నది. ఇరుగుపొరుగువారు మూటలు కట్టుచున్నారు. ఈ కుటుంబము ఏమి చేయవలెను? రైలెక్కవలెనా? ఉన్నచోటనే నిలువవలెనా?

ఇది కల్పిత ప్రశ్న కాదు. సూరతు ప్రజలు ఇటీవలి దశాబ్దములలో రెండుసార్లు ఈ ప్రశ్నను ఎదుర్కొనిరి. 1994 లో ప్లేగు వచ్చినపుడు ఒకసారి, 2020 లో కోవిడు వచ్చినపుడు మరియొకసారి. ఆ రెండు అనుభవములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో నగరవాసులకు ఎంతయో ఉపయోగకరమగు జ్ఞానము లభించును.

1994 వ సంవత్సరపు ప్లేగు

1993 సెప్టెంబరు 30 వ తేదీన మహారాష్ట్రమునందలి లాతూరు ప్రాంతమున ఘోరమైన భూకంపము సంభవించెను. మరుసటి సంవత్సరము ఆగస్టు నెలలో, ఆ ప్రాంతమునకు పొరుగుననున్న బీడు జిల్లాలో మామ్లా అను గ్రామమున ప్లేగు కనిపించెను. జనులకు జ్వరము వచ్చి గజ్జలలోను చంకలలోను బిళ్లలు కట్టెను.

ఆ దినములలోనే సూరతులో భారీవర్షములు కురిసి, తపతీనది పొంగి, పల్లపు పేటలు జలమయమయ్యెను. నీరు తీసిన పిదప వీధులలో బురదయు, చెత్తకుప్పలును, చచ్చిన పశువుల కళేబరములును మిగిలెను. సెప్టెంబరు మూడవ వారమున వేడ్ రోడ్డు ప్రాంతమునుండి కొందరు తీవ్రజ్వరముతోను, రొమ్మునొప్పితోను, నెత్తురుపడు దగ్గుతోను ఆసుపత్రులకు వచ్చిరి. వారిలో కొందరు ఒకటి రెండు దినములలోనే మరణించిరి. ఇది ఊపిరితిత్తులకు సోకు ప్లేగు అయియుండునని వైద్యులు అనుమానించిరి. ఆ సంవత్సరము దేశమున ఈ వ్యాధివలన మరణించినవారు యాబదిమందికి పైబడిరి. వారిలో అత్యధికులు సూరతువారే.

ఇది నిజముగా ప్లేగేనా యను విషయమై పెక్కు సంవత్సరములు వాదోపవాదములు జరిగెను. హైదరాబాదునందలి కణ, అణు జీవశాస్త్ర పరిశోధనాకేంద్రమునకు చెందిన శాస్త్రజ్ఞులు రోగులనుండి సేకరించిన సూక్ష్మజీవుల జన్యుపదార్థమును పరీక్షించి, అది ప్లేగు సూక్ష్మజీవియేయని 2000 సంవత్సరమున ప్రకటించిరి.

ప్లేగు వ్యాపించు విధము

ప్లేగును కలిగించు సూక్ష్మజీవిని 1894 లో హాంకాంగు నగరమున అలెగ్జాండర్ యెర్సిన్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. అది మానవునకు ఎట్లు సంక్రమించునను రహస్యమును 1898 లో కరాచీయందు పరిశోధన సల్పుచున్న పాల్ లూయీ సిమాన్ అను వైద్యుడు ఛేదించెను.

ఎలుకల వెండ్రుకలలో నివసించుచు, వాని రక్తము పీల్చి బ్రతుకు రెక్కలులేని చిన్న పురుగు ఒకటి కలదు. దీనిని మనము ఎలుకపురుగు అందము. ప్లేగు సోకిన ఎలుక రక్తమును త్రాగినపుడు రోగబీజములు ఈ పురుగు కడుపులో చేరును. ఎలుక చచ్చి శరీరము చల్లబడగనే పురుగు దానిని విడిచి మరియొక వెచ్చని దేహమును వెదకుకొనును. దగ్గరలో ఎలుకలు లేనిచో మనుష్యుని కుట్టును. కుట్టిన రెండునుండి ఎనిమిది దినములలో చలిజ్వరము వచ్చి బిళ్లలు కట్టును. ఇది బిళ్లప్లేగు.

ఈ రోగము ఒకానొకప్పుడు ఊపిరితిత్తులకు ప్రాకును. అపుడు రోగి దగ్గినపుడు వెడలు తుంపరలలో రోగబీజములుండును. దగ్గరనున్నవారు ఆ తుంపరలను పీల్చినచో, ఎలుకతోగాని పురుగుతోగాని పనిలేకయే, ఒకటినుండి మూడు దినములలో వారికిని రోగము సోకును. ఇది ఊపిరి ప్లేగు. చికిత్స లేనిచో ఇది ఇంచుమించు తప్పక ప్రాణాంతకము. కాని లక్షణములు కనిపించిన ఇరువదినాలుగు గంటలలో తగిన మందు ఇచ్చినచో రోగి బ్రతుకుటకు మంచి అవకాశము కలదు. స్ట్రెప్టోమైసిను, డాక్సీసైక్లిను మొదలగు మందులు దీనికి గుణమిచ్చును.

దీనివలన సామాన్యులు గ్రహింపవలసిన ముఖ్యవిషయము ఒకటి కలదు. ఇంటను వీధిని ఎలుకలు అకారణముగా చచ్చుచున్నచో అది ప్రకృతి చేయు హెచ్చరిక. చచ్చిన ఎలుకను వట్టిచేతులతో తాకరాదు. తోకపట్టి వీధిలోనికి విసరరాదు. వెంటనే ఆరోగ్యశాఖవారికి తెలుపవలెను. భయపడి ఆ క్షణమున ఎలుకలను చంపబూనుటయు పొరపాటే. ఏలయన ఎలుకలు చచ్చినకొలది వాని పురుగులు మనుష్యులపైకి వచ్చును. కావున మొదట కలుగులలో పురుగులను చంపు మందు చల్లించి, పిదప ఎలుకలను నిర్మూలించుట సరియైన క్రమము.

రోగముకంటె ముందు పరుగెత్తిన భయము

ప్లేగను మాట వినబడిన కొద్ది గంటలలోనే సూరతు నగరము కల్లోలమయ్యెను. రైలుస్టేషను, బస్సుస్టాండులు క్రిక్కిరిసిపోయెను. కొద్ది దినములలో లక్షలాది జనులు నగరమును విడిచిపోయిరి. ప్రైవేటు వైద్యులలో పలువురు తమ వైద్యశాలలను మూసివేసిరి. మందుల దుకాణములలో టెట్రాసైక్లిను గుళికలు గంటలలో అమ్ముడుపోయెను. ఆరోగ్యవంతులు వానిని కొని దాచుకొనగా, నిజముగా అవసరమైనవారు వెదకుకొనవలసివచ్చెను. త్రాగునీటిలో ఎవరో విషము కలిపిరను వదంతి సైతము పుట్టెను. పలుదేశములు భారతదేశమునకు విమానములను నిలిపివేసెను. వ్యాపారమునకు అపారనష్టము వాటిల్లెను.

పారిపోయినవారిని నిందించుట న్యాయము కాదు. ఏమి జరుగుచున్నదో, ఏది ప్రమాదమో, ఏది కాదో వారికి అర్థమగు భాషలో సకాలమున చెప్పినవారు తక్కువ. తెలియని చీకటిలో మనుష్యుడు పరుగెత్తుట సహజము. కావున మహమ్మారి కాలమున సత్యమును త్వరగా, స్పష్టముగా, ప్రజల భాషలో తెలుపుట పాలకుల ప్రథమ ధర్మము. ఆ మాటను విని, విచారించి, నడుచుకొనుట పౌరుల ధర్మము. ఈ రెండింటిలో ఏది లోపించినను రెండవది నిలువజాలదు.

ఊరు విడువవచ్చునా?

ఇక మనము ఊహించిన కుటుంబము మాటకు వత్తము. 1994 లో లక్షలాది జనులు పారిపోయినను, ప్లేగు వారివెంట దేశమంతటను అంటుకొనలేదు. ఈ సంగతిని చూచి, పారిపోవుటయే మంచిదని కొందరు భావింపవచ్చును. ఆ భావము సరికాదు. ఊపిరి ప్లేగు సోకినవాడు త్వరలోనే తీవ్రముగా జబ్బుపడును. అతడు దూరప్రయాణము చేయజాలడు. చేసినను అతని రోగము ఎదుటివారికి కనబడును. రోగిని సమీపమునుండి తాకినవారికి, ముఖ్యముగా పరిచర్య చేయువారికి, అది సోకు ప్రమాదము అధికము. రైలుస్టేషనులలో వైద్యపరీక్షలు జరిగెను. కావున నష్టము పరిమితమయ్యెను. ఇది ఆ రోగము యొక్క స్వభావము కలిగించిన అదృష్టమే కాని, పారిపోవుట యొక్క గుణము కాదు.

2020 లో వచ్చిన కోవిడు స్వభావము ఇందుకు భిన్నమైనది. గుజరాతు రాష్ట్రమున మొదటి కేసులు ఆ సంవత్సరము మార్చి 19 వ తేదీన సూరతు, రాజకోట నగరములలో బయటపడెను. ఈ రోగము సోకినవాడు జ్వరము రాకముందే, ఒకటి రెండు దినములు ఇతరులకు దానిని అంటింపగలడు. కొందరికి ఎట్టి లక్షణములును కనిపింపవు. అట్టివాడు ఆరోగ్యవంతుడనని నమ్మియే రైలెక్కును. ఇంటికిపోయి ముసలితల్లిని కౌగిలించుకొనును. ఆమెయే అందరికంటె ఎక్కువ ప్రమాదమునకు లోనగును. “ఇంటికి రాండ్రి” అని పిలిచిన ఆ తల్లి ప్రాణమునకే కొడుకు ప్రయాణము గండముకావచ్చును.

అయితే ఉన్నచోటనే ఉండుమని చెప్పుట సులభము. ఉండుటకు కూడుగుడ్డలు కావలెను. 2020 మార్చి 25 వ తేదీన దేశమంతట సంచారనిషేధము అమలులోనికి రాగా, సూరతులో సాంచాలు ఆగిపోయెను. ఏప్రిలు నెలలో కార్మికులు వేతనములను, స్వగ్రామములకు పోవు సౌకర్యమును కోరుచు వీధులకు వచ్చిరి. మే 1 వ తేదీన హైదరాబాదు సమీపమునందలి లింగంపల్లినుండి ఝార్ఖండునకు మొదటి శ్రామికుల రైలు బయలుదేరెను. పిదప సూరతునుండియు అట్టి రైళ్లు నడిచెను. కూలివానికి భోజనము, అద్దెగదికి గడువు లభింపనిచో ఎంతటి హితోపదేశమైనను నిష్ఫలమని ఆ సంఘటనలు ఋజువుచేసెను. కార్మికుని జీతమును నిలుపని యజమానియు, అద్దెకై ఒత్తిడి చేయని ఇంటియజమానియు మహమ్మారిని అడ్డగించు సైనికులే.

కావున నియమము ఇది: రోగలక్షణములున్నవారు గాని, రోగితో కలిసి మెలగినవారు గాని వైద్యుని అనుమతి లేక ప్రయాణము చేయరాదు. తప్పనిసరిగా పోవలసినవారు పరీక్ష చేయించుకొని, దారిలో ముక్కును నోటిని కప్పుకొని, గ్రామము చేరిన పిదప ఆరోగ్యశాఖవారు చెప్పిన దినములు విడిగా ఉండవలెను. గ్రామస్థులును వారిని వెలివేయరాదు. విడిగా ఉంచుట వేరు, వెలివేయుట వేరు. వెలివేతకు జడిసినవాడు రోగమును దాచును. దాచిన రోగమే ఊరిని ముంచును.

సూరతు మారిన విధము

ప్లేగు తగ్గిన తరువాత సూరతు నగరము నిద్రపోలేదు. 1995 మే నెలలో శ్రీ ఎస్. ఆర్. రావు నగరపాలక కమీషనరుగా బాధ్యత స్వీకరించిరి. ఆయన నగరమును ఆరు మండలములుగా విభజించి, ఒక్కొక్కదానికి బాధ్యుడగు అధికారిని నియమించిరి. అధికారులు ప్రతి ఉదయము కార్యాలయములను వదలి వీధులలో తిరిగి చెత్తను, మురుగును స్వయముగా చూడవలెనని శాసించిరి. వీధులలో చెత్త వేసినవారికి జరిమానా విధించిరి. హోటళ్ల శుభ్రతను తనిఖీ చేయించిరి. పేదల వాడలలో బాటలు వేయించిరి. ఫలితముగా 1996 లో ఒక జాతీయ సంస్థ జరిపిన పరిశీలనలో, దేశమునందలి పరిశుభ్ర నగరములలో చండీగఢు తరువాత సూరతు ద్వితీయస్థానము పొందెను.

2006 ఆగస్టులో తపతి మరల పొంగి నగరములో అధికభాగమును ముంచెను. 1994 నాటి వరదకంటె ఇది పెద్దది. అయినను ప్లేగు మరల తలయెత్తలేదు. దీనికి పెక్కు కారణములుండవచ్చును గాని, చెత్తను త్వరగా తీసివేయుటయు, జ్వరరోగుల వివరములను ఏనాటికానాడు సేకరించుటయు నగరమునకు అలవాటై యుండుట వానిలో ఒకటి. మహమ్మారితో యుద్ధము అది వచ్చిననాడు ఆరంభము కాదు. అది రాని దినములలో, ప్రతి ఉదయము చీపురుపట్టిన చేతులతో ఆరంభమగును.

ప్రతి గృహస్థుడు పాటింపవలసిన నియమములు

1. మొదట రోగము పేరును, అది వ్యాపించు దారిని తెలిసికొనుడు. ఎలుకపురుగువలన వచ్చుదానికి ఎలుకల నిర్మూలనము, శ్వాసవలన వచ్చుదానికి ముఖాచ్ఛాదనము, నీటివలన వచ్చుదానికి కాచిన నీరు మార్గములు. దారి తెలియక చేయు జాగ్రత్త గురి తప్పిన బాణము వంటిది.

2. శ్వాసవలన వ్యాపించు రోగములున్నపుడు గాలి మంచి మిత్రము. ఒకే గదిలో నివసించువారు కిటికీలు, తలుపులు తెరచి ఉంచవలెను. సాంచాల గదులలో దారపు తేమ పోవునని కిటికీలు మూయు అలవాటు కలదు. మహమ్మారి కాలమున పాళీ మారునపుడైనను వానిని తెరచి గాలి ఆడనీయవలెను.

3. ముఖాచ్ఛాదనము ముక్కును నోటిని రెండింటిని కప్పవలెను. గడ్డముక్రింద వ్రేలాడు గుడ్డవలన ప్రయోజనము శూన్యము.

4. చేతులను సబ్బుతో కనీసము ఇరువది సెకండ్లు రుద్ది కడుగవలెను. కోవిడు సూక్ష్మజీవి పైపొర క్రొవ్వుతో కూడినది. సబ్బు ఆ పొరను కరగించి దానిని నిర్వీర్యము చేయును. ఇందుకు ఖరీదైన సబ్బు అక్కరలేదు.

5. ఇంట ఒకరికి జబ్బుచేసినచో వారికి వేరు గదిని, గది లేనిచో ఒక మూలను, కిటికీ ప్రక్కను కేటాయింపవలెను. పరిచర్య చేయుటకు ఒక్కరినే నియమింపవలెను. వృద్ధులను, గర్భిణులను, మధుమేహరోగులను ఆ పనికి దూరముగా ఉంచవలెను.

6. ఆయాసము, రొమ్మునొప్పి, కఫమున నెత్తురు, మతితప్పుట, పెదవులు నీలివర్ణము దాల్చుట—ఇవి కనిపించినచో తెల్లవారువరకు వేచియుండరాదు. వెంటనే 108 కు ఫోను చేయవలెను.

7. వైద్యుడు వ్రాయని మందులను కొని దాచరాదు. ప్లేగునకు పనిచేయు మందు కోవిడునకు పనిచేయదు. ఏలయన మొదటిది బాక్టీరియా వలనను, రెండవది వైరసు వలనను కలుగును. అనవసరముగా వాడిన మందు అవసరమైనపుడు గుణమీయకుండపోవును. వైద్యుడు వ్రాసియిచ్చిన మందును మాత్రము, నెమ్మదించినదని నడుమ మానక, చెప్పినన్ని దినములు వాడవలెను.

8. టీకా లభించు రోగములకు టీకా వేయించుకొనుడు. కోవిడునకు మన దేశమున 2021 జనవరి 16 వ తేదీన టీకాలు వేయుట ప్రారంభమయ్యెను. టీకా వేసికొన్నవానికి రోగము రానేరాదని కాదు. వచ్చినను ప్రాణాపాయము చాలవరకు తగ్గును.

9. విన్న వార్తను మరియొకరికి చెప్పుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. దీనిని చెప్పినవారెవరు? వారికి ఇది ఎట్లు తెలిసినది? ఆరోగ్యశాఖవారు దీనిని ధ్రువపరచిరా? మూడింటికిని జవాబు దొరకనిచో ఆ వార్త మీవద్దనే ఆగిపోవలెను.

10. పరభాషా ప్రాంతమున నివసించువారు అధికారుల ప్రకటనలను అర్థముచేసికొన్న ఒకరిని పేటకొకరుగా ఎన్నుకొనుడు. పాఠశాలలో రెండు భాషలు నేర్చుచున్న పిల్లలు ఈ పనికి మిక్కిలి తగినవారు. గోడమీది ప్రకటనను చదివి అవ్వకు తెలుగులో చెప్పు పదేండ్ల బాలిక ఆ పేటకు గొప్ప ఉపకారము చేయుచున్నది.

ముగింపు

కోవిడువలన కలిగిన అంతర్జాతీయ అత్యవసర స్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 మే 5 వ తేదీన ప్రకటించెను. కాని మహమ్మారుల కాలము ముగిసినదని ఎవరును ప్రకటింపలేదు. జనులు క్రిక్కిరిసి నివసించు నగరములకు మరల ఏదో ఒకనాడు మరియొక రోగము రావచ్చును. దాని పేరు ఏదైనను, దానిని ఎదుర్కొను ఆయుధములు మాత్రము మారవు. అవి శుభ్రమైన వీధి, తెరచిన కిటికీ, సకాలమున చికిత్స, నిజమైన వార్త, పొరుగువాని ఆకలిని గమనించు మనస్సు.

ఆనాడు ఊరినుండి తల్లి పిలిచినపుడు ఆ నేతకార్మికుడు ఇట్లు చెప్పగలుగవలెను: “అమ్మా, ఇక్కడ మాకు అన్నమున్నది, మందున్నది, ఏమి చేయవలెనో తెలిసినది. నీకు రోగము తేవద్దనే నేను రావడము లేదు.” ఆ మాట ధైర్యముతో చెప్పగల స్థితిని ప్రతి కుటుంబమునకు కల్పించుట ప్రభుత్వము, యజమానులు, పౌరులు ఉమ్మడిగా నెరవేర్పవలసిన బాధ్యత.